డబ్బు కట్టడం ఆపిన రోజు నా రాత ఏమవుతుంది?

మూడేళ్ల క్రితం ఎండాకాలంలో అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. 11 రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాను. ఆ హడావుడిలో నా డెబిట్ కార్డు గడువు తీరిపోయిన సంగతి ధ్యాసలో లేదు. ఇంటికొచ్చాక, ఆగిన పని అందుకుందామని లాప్‌టాప్ తెరిచాను. అనువాదాలకి నేను వాడుతున్న ఆన్‌లైన్ సర్వీసు లోపలికైతే రానిచ్చింది. ఫైళ్లన్నీ వరసగా కనిపిస్తున్నాయి. తెరిచి చదువుకోవచ్చు. దించుకుందామంటే మాత్రం ప్లాన్ గడువు అయిపోయిందని, మళ్లీ డబ్బు కట్టాలని ఒక పెట్టె వచ్చి అడ్డం నిలబడింది.

అందులో ఉన్నవి నాలుగేళ్ల పాటు ఒక్కో వాక్యం తూచి తూచి రాసిన అనువాదాలు. బాలింతలకి పంచే కరపత్రాలు, పంపుసెట్టు మోటార్ల వాడకం పుస్తకాలు, బీమా పాలసీ షరతులు, బడిపిల్లల సైన్సు పాఠాలు. బీమా కాగితాల్లో వచ్చే ‘డిడక్టిబుల్’ని రైతుకి అర్థమయ్యేలా ఏమనాలో తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. అలా తేల్చుకున్న మాటలన్నీ ఆ పెట్టె వెనకాల ఉండిపోయాయి. ఒక నెల డబ్బు కట్టాను. రాత్రంతా కూర్చుని అన్నీ దించుకున్నాను. తెల్లారేసరికి ఆ ఖాతా మూసేశాను. కట్టింది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ నా రాతని నేను ఇంటికి తెచ్చుకోవడానికి ఇంకొకరికి కిరాయి కట్టాల్సి వచ్చిందన్న బాధ ఇప్పటికీ పోలేదు.

అప్పటినుంచి ఏ పనిముట్టుకైనా డబ్బు పెట్టే ముందు ఒకటే చూస్తున్నాను. రేపు నేను కట్టడం మానేస్తే నా రాత నాతో వస్తుందా? వచ్చేట్టయితే ఖరీదైనా ఆలోచిస్తాను. రానిదయితే ఊరికే ఇచ్చినా వద్దు. రోజూ ఏం వాడతావు, ఏది కొనమంటావు అని కొత్తగా ఈ పనిలోకి వచ్చిన ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు. మోడల్ నంబర్లు ఆర్నెల్లకోసారి మారిపోతాయి. ఈ ప్రశ్న మాత్రం తెలుగులో రాసే ప్రతివాళ్లూ వేసుకోవాల్సిందని నా గట్టి నమ్మకం.

తెలుగులో అని ఎందుకంటున్నానంటే, మన భాష ఈ దెబ్బ ఒకసారి తినేసింది.

2006లో విజయవాడ ఏలూరు రోడ్డు వెనక సందులో ఒక డీటీపీ సెంటర్లో చేరాను. ప్రతి భాషలోని అక్షరాలకీ అన్ని కంప్యూటర్లూ ఒప్పుకునే నంబర్లు ఇచ్చే ప్రమాణం యూనికోడ్. అప్పటికి అది పుట్టి 15 ఏళ్లు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్లోనే తెలుగుకి 128 గళ్లు కేటాయించారు. కానీ పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌కి ఆ యూనికోడ్ తెలుగు ఎక్కేది కాదు. అందుకని పని అంతా వేరే రకం ఫాంట్లతో నడిచేది. వాటిలో ‘స్త్రీ’ అని తెర మీద చక్కగా కనిపిస్తుంది. ఫైలు లోపల చూస్తే సకారమూ ఉండదు, తకారమూ ఉండదు. గుడిదీర్ఘం ఒక ముక్క, తవత్తు ఒక ముక్క, క్రావడి ఇంకో ముక్క. ఒక్కో ముక్కకి ఒక రోమన్ అక్షరమో, డాలరు గుర్తో, కామానో పెట్టి ఉంటుంది. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి కూర్చుని అక్షరంలా కనబడతాయి. ఫాంటు తీసేస్తే మిగిలేది చిత్తు. మనం టైపు చేసింది తెలుగు బొమ్మని, తెలుగుని కాదు.

ఆ రోజుల్లో ఒక రిటైర్డ్ మాస్టారు తమ ఊరి చరిత్ర రాసి తెచ్చారు. కృష్ణా కాలవ కింది ఊరు. ఏ ఏడు కాలవ తెగింది, ఏ కుటుంబం ఎక్కణ్ణించి వచ్చి స్థిరపడింది, బడికి స్థలం ఎవరిచ్చారు, అన్నీ ఇల్లిల్లూ తిరిగి పోగుచేశారాయన. 216 పేజీలు. 2009లో పుస్తకం వచ్చింది. టైపు చేసింది నేనే. 2023లో ఫోన్ చేశారు. “అమ్మాయ్, మా మనవలు అడుగుతున్నారు, ఇంకో రెండొందల కాపీలు వేద్దాం. నీ సీడీ నా దగ్గర భద్రంగా ఉంది” అన్నారు.

సీడీ భద్రంగానే ఉంది. ఫైళ్లు కూడా తెరుచుకున్నాయి. తెర నిండా రోమన్ అక్షరాలు, బ్రాకెట్లు, ఆశ్చర్యార్థకాలు. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లో వేస్తే వట్రసుడి ఉన్నచోటల్లా క్రావడి పడింది. కృష్ణ కాస్తా ‘క్రష్ణ’ అయింది. పొల్లులు కొన్ని ఎగిరిపోయాయి. అచ్చు పుస్తకం స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలు చదివే ఓసీఆర్‌కి ఇచ్చి చూశాను. మామూలు వాక్యాలు చాలావరకు బాగానే వచ్చాయి. మనుషుల పేర్లు, సర్వే నంబర్లు, గట్ల కొలతలు ఉన్న పేజీలు నమ్మడానికి లేదు. ఊరి చరిత్రలో ఉండేవే అవి కదా. సగం పుస్తకం మళ్లీ టైపు చేశాను, మిగతా సగం అక్షరం అక్షరం సరిచూశాను. 40 రోజులు పట్టింది. ఆ 40 రోజులూ నాకు అనిపించింది ఒకటే. అప్పుడు ఫాంటు పోయి ఫైలు మూసుకుపోయింది, మొన్న అద్దె ఆగి ఫైలు మూసుకుపోయింది. తాళం మారింది, అంతే.

ఇప్పుడు నా బల్ల మీద ఏముందో చెప్తాను. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది కీబోర్డు. డీటీపీ సెంటర్లలో టకటకమని మోగే టీవీఎస్ గోల్డ్ చాలామందికి తెలిసే ఉంటుంది, అదే. రోజుకి ఆరేడు గంటలు టైపు చేసేవాళ్లకి మీట లోపలిదాకా దిగిందా లేదా అని వేలికి తెలియాలి. కాకపోతే నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దాని మీద వాడే లేఅవుట్ గురించి.

నేను ఇన్‌స్క్రిప్ట్‌లో టైపు చేస్తాను. భారతీయ భాషలన్నిటికీ కలిపి 1986లో ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన అమరిక ఇది. విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో విడిగా ఏదీ కొనక్కర్లేకుండా సెట్టింగుల్లోనే దొరుకుతుంది. మొత్తం మీద ఎడమ చేతివైపు అచ్చులు, గుణింతపు గుర్తులు. కుడి చేతివైపు హల్లులు. ‘తెలుగు’ అని రాయాలంటే ఎల్, జడ్, ఎన్, జీ, ఐ, జీ మీటలు నొక్కాలి. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మనం బళ్లో గుణింతం ఎలా నేర్చుకున్నామో అదే వరస. వత్తు కావాలంటే మధ్యలో డీ మీట మీదున్న పొల్లు. అదే అమరికతో హిందీకి మారితే కె మీట మీద ‘క’ ఉన్నచోటే హిందీ క ఉంటుంది.

నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. మొదటి వారం నరకం. ఆ తర్వాత వేళ్లకి వచ్చేసింది.

రోమన్ అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చే పద్ధతిని తక్కువ చేయను. లేఖిని లాంటి పరికరాలు లేకపోతే ఇంటర్నెట్‌లో తెలుగు రాసే ఒక తరమే పుట్టేది కాదు, నా మొదటి యూనికోడ్ వాక్యం కూడా అందులోనే రాశాను. ఆ రుణం తీరేది కాదు. అయినా పొద్దస్తమానం తెలుగు రాసేవాళ్లు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవాలనే అంటాను. రోమన్‌లో కొట్టేటప్పుడు బుర్ర ప్రతి మాటనీ ఒకసారి ఇంగ్లీషు స్పెల్లింగులోకి తిప్పుకుని మళ్లీ తెలుగులోకి తెచ్చుకుంటుంది. శ, ష, స దగ్గర, ల, ళ దగ్గర చెయ్యి ఆగుతుంది. ఫోన్లో అయితే అది సూచించే మాటనే మనం ఒప్పేసుకుంటాం. నా పాత రాతలు తీసి చూస్తే ఆ సూచనల వల్ల దొర్లిన మాటలు ఇట్టే పట్టుకోగలను. ఇన్‌స్క్రిప్ట్‌లో అక్షరానికి ఒక చోటు, చోటుకి ఒక అక్షరం. నేను అనుకున్నదే పడుతుంది.

ఇంకో చిన్న విషయం చెప్పకుండా ముందుకి పోలేను. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట చూడండి. ట దగ్గర పొల్లు నిలబడి, పక్కన వే విడిగా ఉంది. మామూలుగా కొట్టుకుంటూ పోతే ట కింద వకారం వత్తుగా పడి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. వాటిని విడదీయడానికి మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పెట్టాలి. చోటు ఆక్రమించదు, అచ్చులో కనబడదు. కానీ ‘హైదరాబాద్‌లో’ అని ఆ గుర్తుతో ఒకచోట, గుర్తు లేకుండా ‘హైదరాబాద్లో’ అని ఇంకోచోట ఉంటే, చాలా ప్రోగ్రాముల్లో వెతుకులాటకి అవి రెండు వేర్వేరు మాటలు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరంలో ఈ గుర్తు ఒక వరసలో వచ్చి పడితే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు ఆగిపోయాయి. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ప్రపంచమంతా ఆ వారం దాన్ని వింతగా చెప్పుకుంది. నాకు మాత్రం చాలా దిగులేసింది. కోట్లమంది రాసే లిపిలో ఒక మామూలు అక్షరం అంత పెద్ద కంపెనీ పరీక్షల్లో ఎవరి కంటా పడలేదన్నమాట. అందుకే ఏ కొత్త యాప్ వచ్చినా నేను మొదట అందులో నాలుగు మాటలు కొడతాను: జ్ఞానం, స్త్రీ, సాఫ్ట్‌వేర్, కర్తృత్వం. అవి సరిగ్గా పడి, వెతికితే దొరికి, పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే చెదరకుండా వస్తేనే మిగతా సంగతులు చూస్తాను.

లాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది. 2021లో 28 వేలకి కొన్న థింక్‌ప్యాడ్, 16 జీబీ ర్యామ్. పక్కన 24 అంగుళాల మానిటర్, కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టర్. వీటి గురించి చెప్పడానికి ఇంకేం లేదు, రాసే పనికి ఇంతకన్నా అక్కర్లేదు.

అనువాదాలు ఇప్పుడు ఒమేగా-టీ అనే అనువాద ప్రోగ్రాములో చేస్తున్నాను. ఉచితం, సోర్సు కోడ్ కూడా బయటే ఉంటుంది. చూడ్డానికి సాదాగా ఉంటుంది. కానీ నేను చేసిన ప్రతి వాక్యం జత, ఇంగ్లీషూ తెలుగూ, టీఎంఎక్స్ అనే ఫార్మాట్‌లో నా ఫోల్డర్లోనే ఉంటుంది. ఆ ఫార్మాట్ అనువాద సాఫ్ట్‌వేర్లు దాదాపు అన్నీ చదవగలవు. పదకోశం అయితే ఇంకా తేలిక: మామూలు టెక్స్ట్ ఫైలు, వరసకో మాట. నాది ఇప్పుడు 3,400 వరసలు దాటింది. ఒక్క కాయకే మూడు వరసలున్నాయి: గోదావరి జిల్లాలకి పంపే కరపత్రమైతే ఆనపకాయ, గుంటూరు వైపయితే సొరకాయ, తెలంగాణకైతే ఆనిగెపుకాయ. పక్కన ఎవరు చెప్పారో, ఏ ఊళ్లో విన్నానో కూడా రాసుకుంటాను. ఇది నా ఆస్తి. దీన్ని ఇంకొకరి పెట్టెలో పెట్టి తాళం వాళ్ల చేతికివ్వను.

మిగతా రాతలన్నీ కూడా టెక్స్ట్ ఫైళ్లే. అచ్చుకి వెళ్లేవి లిబ్రేఆఫీస్‌లో. మాటకి అర్థం వెతకాలంటే ఆంధ్రభారతి వెబ్‌సైటు. ఒక్కచోట కొడితే పాత నిఘంటువులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. రోజుకి కనీసం ఇరవైసార్లు వెళ్తానక్కడికి.

దాచుకోవడం గురించి జనం అనవసరంగా భయపడతారు. యూనికోడ్‌లో మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు పడుతుంది, ఇంగ్లీషుకి ఒకటే. అయినా 300 పేజీల పుస్తకం, పేజీకి 1,500 గుర్తులు వేసుకున్నా, ఒకటిన్నర ఎంబీ కూడా కాదు. మన ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో అంతకన్నా పెద్దది. జీవితమంతా రాసినది ఒక పెన్‌డ్రైవ్ మూలకి సరిపోతుంది. నా రాతలు లాప్‌టాప్‌లో ఒకటి, బీరువాలో ఉన్న హార్డ్‌డిస్కులో ఒకటి, తమ్ముడి ఇంట్లో ఒకటి. ఆదివారం పొద్దున అరగంట పని. గూగుల్ ఖాతాలో ఉచితంగా వచ్చే 15 జీబీని నింపేది రాతలు కాదు, ఫొటోలు. 2021 జూన్ 1 నుంచి ఫొటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి కదా. అమ్మ ఫొటోల కోసం స్టోరేజీకి ఏడాది చందా కడుతున్నాను. అవి కూడా హార్డ్‌డిస్కులో ఉన్నాయి కాబట్టి నిశ్చింతగా కడుతున్నాను.

చందాలంటే నాకు పడదని అనుకోవద్దు. యూట్యూబ్ ప్రీమియంకి నెలకి 149 ఇస్తున్నాను. అమ్మ హరికథలు వింటుంటే మధ్యలో ప్రకటనలు రాకూడదని. ఆహా అప్పుడప్పుడు తీసుకుంటాను, మానేస్తాను. మానేసిన రోజు నాది ఏదీ అక్కడ మిగిలిపోదు. సినిమాహాలుకి టికెట్ కొన్నట్టే. అలాంటివాటికి అద్దె కట్టడంలో తప్పేం లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అందరికీ చెప్తాను. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, ఇలా దానంతటదే కోసుకునే డబ్బుకి కనీసం 24 గంటల ముందు మనకి మెసేజ్ రావాలి. ఆ మెసేజ్‌ని చాలామంది చదవకుండా తుడిచేస్తారు. చదవండి. ఈ నెల అది వాడామా లేదా అని అప్పుడే తేల్చుకోండి. చేరడం తేలిక చేసి, మానడం కష్టం చేయడాన్ని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 మోసపు పద్ధతుల్లో ఒకటిగా లెక్కగట్టింది. ఎవరైనా అలా తిప్పితే మొహమాటపడకుండా 1915కి ఫోన్ చేయండి.

ఏఐకి కూడా నెలనెలా కడతాను, పని ఎక్కువున్న నెలల్లో. చిక్కు ఇంగ్లీషు వాక్యాన్ని విడమరచి చెప్పించుకోవడానికి బాగా పనికొస్తుంది. తెలుగు రాత మాత్రం నేనే చేసుకుంటాను. ఇక్కడ ఒక లెక్క తెలుసుకోవాలి. ఈ యంత్రాలు మన రాతని టోకెన్లనే ముక్కలుగా కోసి, వేరే ప్రోగ్రాముల్లోంచి వాటిని వాడుకునే ఏపీఐలో అయితే ముక్కల లెక్కన డబ్బు తీసుకుంటాయి. 2024 మేలో జీపీటీ-4ఓ అనే ఏఐ మోడల్ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ వాళ్లే ఒక ఉదాహరణ ఇచ్చారు. అవే మాటలకి ఇంగ్లీషులో పాత పద్ధతిలో 27 టోకెన్లు పడితే, తెలుగులో 159 పట్టేవి. కొత్త పద్ధతిలో తెలుగుకి 45 అయ్యాయి. అంటే అప్పటిదాకా తెలుగువాడు అదే మాటకి దాదాపు ఆరింతలు ఖర్చు పెట్టాడన్నమాట. ఎస్సెమ్మెస్‌లో కూడా అంతే, ఇంగ్లీషు అయితే 160 అక్షరాలు, తెలుగు అయితే 70. మన భాషకి ఎక్కడికెళ్లినా ఈ అదనపు సుంకం ఉంది. అది తగ్గించమని అడిగేవాళ్లు మనమే కావాలి. వేరేవాళ్లకి ఆ నొప్పి తెలియదు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడు నాతో ఒప్పుకోడు. “అక్కా, నెలకి వెయ్యి పడేస్తే అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఆదివారం ఆ అరగంట కూడా నీకు మిగులుతుంది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు కూడా బతకాలి కదా” అంటాడు. చివరి మాట వందకి వంద నిజం. పదిమంది కలిసి ఒకే ఫైలు మీద పనిచేసేచోట ఆన్‌లైన్ సర్వీసు లేకుండా జరగదని కూడా ఒప్పుకుంటాను. కానీ డబ్బు ఇవ్వడం వేరు, రాతని తాకట్టు పెట్టడం వేరు. ఫైళ్లు ఎప్పుడైనా తీసుకుపోవచ్చు అని చెప్పి చందా అడిగితే ఇవాళే కడతాను.

బతకాలి అన్న మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మండలి, రామభద్ర, సూరన్న, తిమ్మన లాంటి తెలుగు ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పెళ్లి శుభలేఖ నుంచి యూట్యూబ్ బొమ్మ దాకా అవే. ఇంగ్లీషుకి పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు గీస్తే ప్రాణం వస్తుంది. తెలుగు ఫాంటు చేసేవాళ్లు గుణింతాలూ వత్తులూ కలిపి కొన్ని వందల బొమ్మలు గీయాలి, ఏ వత్తు దేని కింద ఎంత దిగాలో ఒక్కొక్కటీ చూసుకోవాలి. నెలనెలా ఓటీటీలకి పోసే డబ్బులో ఏడాదికి ఒక్కసారైనా కొంత ఇలాంటి ఉచిత పనిముట్లకి, పాత పుస్తకాలూ వెబ్ పేజీలూ భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి చోట్లకి పంపితే ఎంత బాగుంటుంది! నేను ప్రతి ఉగాదికీ పంపుతాను. పెద్ద మొత్తం కాదు. ఒక ఏడాది స్టోరేజీ చందా అంత.

మాస్టారి పుస్తకం నిరుడు సంక్రాంతికి మళ్లీ వచ్చింది. కాపీలతో పాటు ఒక పెన్‌డ్రైవ్ కూడా తీసుకెళ్లి ఇచ్చాను. అందులో పీడీఎఫ్ ఒకటి, మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది నీ కంప్యూటర్లోనే తెరుచుకుంటుందా అమ్మాయ్, ఎక్కడైనానా?” అన్నారు. మనవడి ఫోన్‌కి తగిలించి తెరిచాం. తెరుచుకుంది. వెతికే పెట్టెలో ఏం కొట్టమంటారు తాతా అని ఆ అబ్బాయి అడిగాడు. మాస్టారు కాసేపు ఆలోచించి వాళ్లమ్మగారి పేరు చెప్పారు. మూడు చోట్ల దొరికింది. రెండు ఆయనకి గుర్తున్నవే. మూడోది కాలవ తెగిన ఏడాది బడిలో తలదాచుకున్నవాళ్ల జాబితాలో ఉంది. ఫోన్ దగ్గరగా పెట్టుకుని ఆ వరస పైకి చదివారు, మళ్లీ ఒకసారి చదివారు.